ప్రాణంతో ముట్టినట్టు

పోస్టుమాస్టరు గారు పోయారని పోయిన నెలలో రాజోలు నుంచి ఫోనొచ్చింది. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. నాకు ఏడుపు రావలసింది పోయి ముందు నవ్వొచ్చింది. సంతకం పెట్టకుండా ఆయన్ని ఎవరు తీసుకెళ్ళగలిగారా అని. ఏడవడం ఆ తర్వాత ఏడ్చాను.

తొంభైల్లో, కోనసీమకి ఆ పెద్ద తుపాను రావడానికి ముందు, రాజోలుకి అవతల గోదావరి పాయ పక్కనున్న ఒక చిన్న ఊళ్ళో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఆయన ఉద్యోగం విశాఖపట్నంలో. ఊరు మొత్తానికీ అద్దెకి దొరికింది ఒకే ఒక్క గది, పోస్టుమాస్టరు గారింట్లో. వీధి వసారా పోస్టాఫీసు, మధ్యలో వాళ్ళ ఇల్లు, పక్కన నా గది. చేరిన వారానికే ఆయన నాకు బాబాయిగారూ, ఆవిడ పిన్నిగారూ అయిపోయారు.

పొట్టి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరే ఉండేది. పైనుంచి చూస్తే మనుషుల్నీ, అద్దాల్లోంచి చూస్తే కాయితాల్నీ చూస్తున్నట్టు లెక్క. అందర్నీ అండీ అనేవారు. కోనసీమలో అది వింత కాదు గానీ, ఈయన ఆవుని కూడా "కాస్త జరుగుతారా" అని అడిగేవారు. అది జరిగేది కూడా.

రెండో అలవాటు సంతకం. ఏ వస్తువు చేతులు మారినా ఆయనకి సంతకం ఉండాల్సిందే. నాకు గది తాళంచెవి ఇచ్చిన రోజున ఒక చీటీ ముందుకు జరిపారు. "తాళంచెవి ఒకటి, తుప్పు లేనిది, ముట్టినది" అని రాసుంది. నేను నవ్వితే ఆయన నవ్వలేదు. "మనిషన్నాక మర్చిపోతాడండీ. కాయితమైతే మర్చిపోదు" అన్నారు. పక్కింటివాళ్ళు నిచ్చెన అడిగి పట్టుకెళ్ళినా చీటీయే.

పిన్నిగారు లోపలినుంచి అనేవారు, "నా పెళ్ళయిన మర్నాడు మా నాన్నకి నేను ముట్టినట్టు కాయితం రాసిచ్చేరమ్మా ఈ మహానుభావుడు!"

"మరి ముట్టేరు కదండీ," అనేవారాయన, తల ఎత్తకుండా.

పిన్నిగారికి ఒక్కడే తమ్ముడు ఉండేవాడు. పోలీసు జీపు డ్రైవరు. నేను ఆ ఊరు రావడానికి మూడేళ్ళ ముందు, అడవి దారిలో మందుపాతర పేలి ఆ జీపులో ఉన్న ఆరుగురూ పోయారు. మధ్య గదిలో ఆ అబ్బాయి ఫొటో ఉండేది, మీసం సరిగా రాని వయసులో తీయించుకున్నది. పిన్నిగారు దానికి రోజూ పువ్వు పెట్టేవారు గానీ దాని గురించి మాట్లాడేవారు కాదు.

ఆ మందుపాతర పెట్టించిన దళం నాయకుడి కోసం పోలీసులు రాష్ట్రమంతా గాలిస్తున్నారు. పట్టిచ్చినవాళ్ళకి బహుమతి అంటూ పోస్టర్లు వేశారు. అందులో ఒకటి మా పోస్టాఫీసు గోడకి అంటించడానికి ఒక కానిస్టేబులు వచ్చాడు. బాబాయిగారు అతన్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, "పోస్టరు ఒకటి ముట్టినది" అని రాసిచ్చి, అంటించినట్టు అతని చేత రాయించుకుని గానీ పంపలేదు. పోస్టర్లో ఒత్తు మీసాలతో ఒక మొహం, కింద వివరాలు. చామనఛాయ, బక్కపలచన, ఎడమచేతి వాటం.

పదింటికి తపాలా సంచీ వచ్చేసరికి వసారాలో ఊరి పెద్దలు పోగయ్యేవారు. ఉత్తరాల కోసం వచ్చేది తక్కువ, పేపరు కోసం వచ్చేది ఎక్కువ. పోస్టరు వచ్చాక రోజూ అదే చర్చ. పంచాయతీ ప్రెసిడెంటు గారు పదెకరాల కొబ్బరితోట, దానికి తగ్గ గొంతు ఉన్న మనిషి.

"కోర్టులేంటండీ, కోర్టులు! దొరికినోణ్ణి దొరికినచోటే కాల్చి పారెయ్యాలండీ, ఆయ్!" అనేవారు.

"అలా ఎలాగండీ? పట్టుకుని విచారించాలి కదండీ," అనేవాడు సొసైటీ గుమాస్తా.

"వాడు పేల్చే ముందు విచారించేడాండీ?"

అటూ ఇటూ తెగక చివరికి అందరూ బాబాయిగారి వైపు తిరిగేవారు. "మీరు చెప్పండి. చంపాలా, బతకనివ్వాలా?"

బాబాయిగారు ముద్ర కొట్టుకుంటూ, "ఆ ఉత్తరం నాకు రాలేదండీ," అనేవారు.

ఒకరోజు లోపలినుంచి పిన్నిగారి గొంతు వినబడింది. "నాకొచ్చింది. నన్నడగండి."

ఎవరూ అడగలేదు. పేపరు మడిచేసి ఒక్కొక్కరే లేచిపోయారు.

ఆ రోజుల్లో వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్నారు. చెరువుల కాపలాకి పై ఊళ్ళ మనుషులు వచ్చి గట్ల మీద పాకల్లో ఉండేవారు. వాళ్ళలో ఒకతను మధ్యాహ్నంపూట వసారాకి వచ్చి, సరిగ్గా పోస్టరు కిందున్న బల్లమీద కూర్చుని, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి వెళ్ళేవాడు. మీసం లేదు. మాట తక్కువ. రెండు నెలల్లో మా ఊరి "ఆయ్" ఒకటి నేర్చుకున్నాడు. దేనికైనా అదే జవాబు.

దోమలు పెరిగి మలేరియా వస్తోందని ఆరోగ్యశాఖ వాళ్ళు పోస్టాఫీసులో మాత్రల డబ్బా పెట్టి వెళ్ళారు. మాత్ర తీసుకున్నవాళ్ళు రిజిస్టరులో సంతకం పెట్టాలి. బాబాయిగారికి పండగే. ఈ కాపలా మనిషి మొదటిసారి మాత్రలకి వచ్చినప్పుడు వేలిముద్ర వేశాడు. అతను వెళ్ళాక బాబాయిగారు నాతో, "పేపరంతా గడగడా చదివే మనిషికి సంతకం రాకపోవడమేంటండీ?" అన్నారు. నేను పట్టించుకోలేదు.

ఆ తర్వాత వచ్చిన రెండో శనివారం బడికి సెలవు. నేను వసారాలో కూర్చుని మా ఆయనకి ఉత్తరం రాసుకుంటున్నాను. తొమ్మిది దాటిందేమో, దుప్పటి కప్పుకుని గజగజ వణుకుతూ ఆ మనిషి వచ్చాడు. బాబాయిగారు లేచి కూర్చోబెట్టారు. మాత్రలు మింగించారు. "ఏవండోయ్, కాస్త గంజి కాచి పంపండీ" అని లోపలికి కేకేశారు. తర్వాత మామూలుగానే రిజిస్టరు ముందుకు జరిపారు.

అతనికి జ్వరంలో ఒళ్ళు తెలియడం లేదు. పెన్ను తీసుకుని గబగబా సంతకం పెట్టేశాడు. చదువుకున్నవాడి సంతకం, చక్కగా కలిపి రాసింది. ఎడం చేత్తో.

బాబాయిగారు సంతకం చూశారు. చెయ్యి చూశారు. కళ్ళజోడు పైనుంచి గోడ మీది బొమ్మ చూశారు. నేనూ చూశాను. మీసాలు తీసేస్తే మిగిలేది ఎదురుగా కూర్చున్న మొహమే. నా చేతిలో ఉత్తరం కింద పడిపోయింది.

బాబాయిగారు పెన్నుకి మూత పెట్టారు. "తమరి దగ్గర తుపాకీ ఏమన్నా ఉందాండీ?" అని అడిగారు, చిల్లరుందా అని అడిగినట్టు.

అతని చెయ్యి భుజానికున్న గుడ్డసంచీలోకి వెళ్ళింది. అక్కడే ఆగింది.

"ఉంటే బల్లమీద పెట్టండి. ప్రమాదకరమైన వస్తువులు పోస్టాఫీసులోకి తేకూడదండీ. రూలు."

"పెట్టకపోతే?"

"పెట్టలేదని రాసుకుంటానండీ."

అతను ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. ఉన్నట్టుండి నవ్వాడు. నవ్వు దగ్గులోకి, దగ్గు వణుకులోకి తిరిగింది. "నాకింక ఓపిక లేదండీ" అని చిన్న తుపాకీ తీసి బల్లమీద పెట్టాడు. బాబాయిగారు దాన్ని పేపర్లో చుట్టి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, "తుపాకీ ఒకటి ముట్టినది" అని చీటీ రాసి అతని చేతికిచ్చారు. అతను దాన్ని బుద్ధిగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే పిన్నిగారు గంజి గ్లాసుతో వచ్చారు. అతను సగం తాగేదాకా నిలబడ్డారు. మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైందండీ?" అన్నారు.

బాబాయిగారికి అబద్ధం రాదు. గోడ వైపు చూపించి, "ఆయన ఈయనేనండీ" అన్నారు.

పిన్నిగారు అతని చేతిలోంచి గ్లాసు లాక్కున్నారు. మిగిలిన గంజి వాకిట్లో పారబోసి లోపలికి వెళ్ళారు. వచ్చేటప్పుడు చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంది.

"మీరు అడ్డం తప్పుకోండి."

బాబాయిగారు తప్పుకోలేదు. ఇద్దరి మధ్యా నిలబడి, "నువ్వు చంపితే, నువ్వే చంపేవని నేను రాయాల్సొస్తుంది," అన్నారు. ఆయన ఆవిడని నువ్వు అనడం నేను వినడం అదే మొదలు. "నా చేత్తో అది రాయలేను."

"రాయకండి."

"రాయకుండా ఉండనూ లేను."

అతను తలెత్తి మెల్లిగా అడిగాడు, "మీకెవరు పోయేరండీ?"

"ఆ జీపు తోలినవాడు. నా తమ్ముడు. ఇరవై ఆరేళ్ళు."

అతను తల దించుకున్నాడు. పిన్నిగారు కత్తితో అలా ఎంతసేపు నిలబడ్డారో నేను చెప్పలేను. చివరికి కత్తిని ఉత్తరాలు తూచే త్రాసు పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. లోపలినుంచి చిన్న శబ్దం కూడా రాలేదు.

బాబాయిగారు పోలీసు స్టేషనుకి ఫోను తిప్పారు. "ఆయ్, దొరికేరండీ. ఆయ్, ప్రాణంతోనే ఉన్నారండీ. ప్రాణంతోనే తీసుకెళ్ళాలండీ." పెట్టేసి నాతో, "టీచరుగారూ, ప్రెసిడెంటు గారిని పిలుచుకురండి. ఇద్దరు సాక్షులు కావాలి," అన్నారు.

ప్రెసిడెంటు గారు ఉత్తరీయం సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చారు. వచ్చి స్తంభం పక్కన నక్కి తొంగిచూశారు. తను రోజూ మాటల్లో కాల్చి పారేసిన మనిషి, ఇప్పుడు దుప్పట్లో ముడుచుకుని ఉన్నాడు. "ఇదేంటండీ," అన్నారు గొంతు తగ్గించి, "ఇంత బక్కగా ఉన్నారేంటండీ ఈయన? ఏవన్నా తిన్నారా?"

రెండు జీపులు వచ్చేసరికి వీధి నిండిపోయింది. పోలీసు అధికారి దిగాడు. సంకెళ్ళు వేయించాడు. "ఎక్కించండి" అన్నాడు.

"రసీదండీ," అన్నారు బాబాయిగారు.

కార్బన్ కాయితాలు పెట్టి మూడు ప్రతులు ముందే మొదలుపెట్టి, సంకెళ్ళు పడ్డాక పూర్తిచేశారాయన. అధికారి తీసుకుని చదివాడు. ఆ కాయితం మీద నేనూ సాక్షి సంతకం పెట్టాను కాబట్టి నాకింకా మాటలతో సహా గుర్తుంది. "ఈ దినము పదకొండు గంటల నలుబది నిమిషములకు, ఈ పోస్టాఫీసు వసారాలో, ఒక మనిషి ప్రాణముతో ముట్టినాడు. జ్వరము ఉన్నది. గాయములు లేవు. రెండు చేతులకు సంకెళ్ళు వేయబడినవి, నడవలేకున్నాడు గనుక పారిపోవు స్థితిలో లేడు."

ఆఖరి వాక్యం అధికారి రెండుసార్లు చదివాడు. "మమ్మల్ని అనుమానిస్తున్నారా?"

"అయ్యయ్యో, అనుమానమేంటండీ! మా ఊళ్ళో ఏది చేతులు మారినా ఇంతేనండీ. ప్రెసిడెంటు గారిని అడగండి."

"నిచ్చెనక్కూడా రాయించుకున్నారండీ, ఆయ్," అన్నారు ప్రెసిడెంటు గారు, ఆయన్ని ఎవరూ అడక్కుండానే.

అధికారి మొహం ఎర్రబడింది. "అయిదుగురు పోలీసుల్ని చంపినవాడికి రసీదా?"

"ఆరుగురండీ," అన్నారు బాబాయిగారు. "డ్రైవరుతో కలిపి. డ్రైవరు నా బావమరిది."

అధికారి మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పెన్ను అడిగి సంతకం పెట్టాడు. ప్రెసిడెంటు గారు పెట్టారు. నేను పెట్టాను, అక్షరాలు వంకరపోయాయి. బాబాయిగారు ఒక ప్రతి అధికారికిచ్చి, ఒకటి దగ్గరుంచుకుని, మూడోది మేజిస్ట్రేటు పేర రిజిస్టరు కవర్లో పెట్టి, ముద్ర కొట్టి, సంచీలో వేసి, అందరి ఎదుటా లక్క కరిగించి సీలు వేసేశారు. "ఇంక తియ్యడానికి లేదండీ," అన్నారు, ఎవరూ తియ్యమనకపోయినా.

అంతా అయ్యాక అధికారి తుపాకీ అడిగాడు. "దాని చీటీ ఆయన దగ్గరుందండీ. అది ఇస్తే పెట్టె తీస్తాను." సంకెళ్ళతోనే అతను జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. పోలీసుల్లో ఒకడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. జీపెక్కేముందు అతను బాబాయిగారికి దణ్ణం పెట్టబోతే, ఆయన ఆ వైపు చూడలేదు.

మర్నాటినుంచి ఆయనకి కష్టాలు మొదలయ్యాయి. పోస్టాఫీసు ఇనప్పెట్టెలో మారణాయుధం దాచినందుకు సంజాయిషీ ఇమ్మని పై ఆఫీసు మెమో పంపింది. "మెమో ఒకటి ముట్టినది" అని ముందొక జవాబు, తర్వాత సంజాయిషీ వేరేగా రాశారు. ఊళ్ళో సగంమంది హంతకుణ్ణి బతికించాడని మొహం తిప్పుకున్నారు. దళం వాళ్ళొచ్చి ఏం చేస్తారోనని మిగతా సగం అటు రావడం మానేశారు. ప్రెసిడెంటు గారు మాత్రం నేనూ సాక్షినే అని రాజోలు దాకా చెప్పుకుని తిరిగారు.

అసలు శిక్ష ఇంట్లో పడింది. పిన్నిగారు మాట మానేశారు. అన్నం పెట్టేవారు, నీళ్ళు పెట్టేవారు, నోరు విప్పేవారు కాదు. పది రోజులు చూసి బాబాయిగారు ఒక కార్డు రాశారు. స్టాంపు ముద్ర కొట్టి పోస్టుమేన్‌కిచ్చారు. అతను ఇంటి చుట్టూ తిరిగి వెళ్ళి, పెరటి గుమ్మంలో "పోస్ట్!" అని కేకేసి పిన్నిగారికి అందించాడు. ఏం రాశారో నాకు తెలియదు. రోజుకొకటి చొప్పున నెలన్నర వెళ్ళాయి. జవాబు లేదు. పోస్టుమేను చెప్పులు అరిగిపోతున్నాయని గొణిగేవాడు. ఆఖరికి ఒకరోజు ఎర్రడబ్బాలో పిన్నిగారి దస్తూరీతో కార్డు కనబడింది. బాబాయిగారు ముద్ర కొట్టడం కూడా మర్చిపోయి చదివారు. "కందిపప్పు అయిపోయింది."

ఆయన చొక్కా తొడుక్కుని పరిగెత్తడం చూసి నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

ఆ సాయంత్రం ఆయన కాస్త తెరిపిన పడ్డట్టు కనిపిస్తే, అన్నాళ్ళూ అడగలేనిది అడిగాను. "చంపెయ్యాలని మీకు ఒక్కసారి కూడా అనిపించలేదా, బాబాయిగారూ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అనిపించకేమండీ? ఫోను చేస్తూనే అనుకున్నాను. దారిలో ఎక్కడో వాళ్ళే కాల్చేస్తే బావుణ్ణు, నా చేతికి అంటదు అని. అలా అనుకుంటున్నానని నాకు తెలిసిపోయిందండీ. అందుకనే ఆ ఆఖరి ముక్క రాసేను. పోలీసుల మీద నమ్మకం లేక కాదు, నామీద లేక."

అతనికి శిక్ష పడింది. కోర్టుకి బాబాయిగారూ నేనూ వెళ్ళి సాక్ష్యం చెప్పాం. తర్వాత నాకు అమలాపురం బదిలీ అయింది. మా ఆయనా వచ్చేశారు. ఏడాదికొకసారి వాళ్ళింటికి వెళ్ళి వచ్చేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయ్యాక, బాబాయిగారు రిటైరై వసారా ఖాళీ అయిపోయిన రోజుల్లో, నాకొక కార్డు వచ్చింది. "ఆయన విడుదలైనారు. వచ్చి చూడవచ్చునా అని ఉత్తరం రాసినారు. ఆ ఉత్తరము మీ పిన్నిగారు నాలుగు నెలలు దగ్గర ఉంచుకొని, నిన్న రమ్మని రాయమన్నారు. ఆదివారము మీరు కూడా ఉండవలెను."

వెళ్ళాను. అతను చెప్పులు వాకిట్లో విడిచి, ఆ పాత బల్ల చివర కూర్చున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. ఏదో ప్రెస్సులో పని చేసుకుంటున్నానన్నాడు. బాబాయిగారు ఎండల గురించి, బస్సుల గురించి మాట్లాడారు. అవి అయిపోయాయి. పిన్నిగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మావాడు పేలగానే పోయేడా?"

అతను లేచి నిలబడ్డాడు. "లేదండీ. కాసేపు ఉన్నాడు. జీపు దగ్గరికి ముందెళ్ళింది నేనే."

"ఏవన్నా అన్నాడా?"

"మంచినీళ్ళు అడిగేడండీ."

బాబాయిగారు లేవబోయారు. పిన్నిగారు చేత్తోనే ఆపారు.

"ఇచ్చేవా?"

"ఇవ్వలేదండీ. నా దగ్గర సీసా ఉంది. తుపాకులు ఏరుకునే తొందరలో ఉన్నాను. మళ్ళీ చూసేసరికి అయిపోయేడు."

పిన్నిగారు గుమ్మం పట్టుకున్నారు. నేను దగ్గరికి వెళ్ళబోతే వద్దన్నట్టు తలూపారు. పది పన్నెండేళ్ళుగా మూసిపెట్టిన ఏడుపు శబ్దం లేకుండా వచ్చింది. పైటతో మొహం తుడుచుకుని అతన్ని అడిగారు, "మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"రమ్మంటారాండీ?"

"రావాలి. ఇవాళ ఇంతకంటే అడగలేను. ఇంకా అడగాల్సినవి ఉన్నాయి."

"ఆయ్," అన్నాడతను.

బాబాయిగారు అతన్ని బస్సు దాకా దిగబెట్టడానికి గొడుగు తీసుకుని బయల్దేరారు. మిట్టమధ్యాహ్నం ఎండ. గొడుగు తనమీద పడుతోందా అతనిమీద పడుతోందా అని ఆయన చూసుకోవడం లేదు. ఏదో చెబుతూ నడుస్తున్నారు. అతను ఆయన పొట్టి అడుగులకి సరిపడా మెల్లిగా నడుస్తున్నాడు. పిన్నిగారు మలుపు తిరిగేదాకా వాళ్ళని చూస్తూ నిలబడి, నావైపు తిరక్కుండానే అన్నారు.

"నీళ్ళిచ్చేనని చెప్పుంటే, ఇంక రావద్దనేసేదాన్నమ్మా."